పాత చిన్న కారు కొనే ముందు: జడ్చర్ల తమ్ముడికి చెప్పిన మాటలు

జడ్చర్ల నుంచి అమెరికాకు ఎమ్మెస్ చదవడానికి వచ్చిన తమ్ముడొకడు మొన్న ఫోన్ చేశాడు. "అన్నా, నాలుగు వేల డాలర్లకు 2014 ఫోర్డ్ ఫియెస్టా ఉంది. చూడ్డానికి కొత్తదానిలా మెరుస్తోంది, తీసుకోనా?"

ఆటోమేటిక్ అయితే వద్దన్నాను. అమెరికాలో అమ్మిన 2011-16 ఫియెస్టా ఆటోమేటిక్‌లలో రెండు క్లచ్‌ల గేరుబాక్సు ఉంటుంది. సిగ్నల్ దగ్గర బండి కదిలేటప్పుడు వణుకుతుంది, యాక్సిలరేటర్ తొక్కినా ఒక్కోసారి వెంటనే ముందుకు పోదు. దీని మీద కొన్నవాళ్లు కోర్టుకు కూడా వెళ్లారు. అదే కారు మాన్యువల్ దొరికితే ఆ బాధ లేదు. పాలమూరులో నేర్చుకున్నది మాన్యువల్ మీదే కదా, భయం దేనికి?

నిస్సాన్ వెర్సా సీవీటీ (విడివిడి గేర్ల బదులు బెల్టుతో నడిచే ఆటోమేటిక్) కూడా జాగ్రత్తగా చూడాలి. ఆ గేరుబాక్సు ఆయిల్ మార్చిన రశీదులు లేకపోతే నేనైతే కొనను. 2009-13 హోండా ఫిట్ నాకు నమ్మకమైన బండి. మన దగ్గర జాజ్ అన్నది అదే. అమెరికాలో అమ్మిన ఆ ఫిట్ ఆటోమేటిక్‌లలో సీవీటీ కాదు, మామూలు గేర్ల గేరుబాక్సే ఉంటుంది. బండి పాతబడ్డాక ఇగ్నిషన్ కాయిల్స్ పోతుంటాయి, మార్పిస్తే సరిపోతుంది. కానీ ఆ ఫిట్‌లకు టకాటా ఎయిర్‌బ్యాగ్ రీకాల్ ఉంది, అంటే టకాటా కంపెనీ చేసిన లోపమున్న ఎయిర్‌బ్యాగ్‌లను వెనక్కి తీసుకుని మార్చడం. ప్రతి బండికీ విడిగా ఉండే 17 అక్షరాలు, అంకెల విన్ నంబరును ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ (అమెరికా ప్రభుత్వ రోడ్డు భద్రతా సంస్థ) సైట్‌లో కొట్టి చూడండి. మార్చకుండా మిగిలి ఉంటే డీలర్ దగ్గర ఉచితంగా మారుస్తారు. ప్రాణం సంగతి, వాయిదా వేయకండి.

ఇక తుప్పు. నాది మిర్యాలగూడ. అక్కడ బండికి ఎండ, దుమ్ము తప్ప ఇంకో శత్రువు ఉంటుందని నాకు తెలియదు. ఇక్కడ ఒహాయోలో మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు, అది కింది నుంచి ఇనుమును తినేస్తుంది. వచ్చిన ఏడాదే పైన రంగు చూసి ఒక చిన్న కారు కొన్నాను. ఫిబ్రవరిలో ఒక పొద్దున బ్రేక్ పైపు తుప్పుకు పగిలి, పెడల్ నేలకంటింది. హ్యాండ్ బ్రేక్ లాగి ఆపాను. ముందు ఎవరూ లేరు కాబట్టి బతికాను. ఇప్పటికీ ఆ క్షణం తలుచుకుంటే కాళ్లు వణుకుతాయి.

అందుకే అమ్మేవాళ్లతో పరిచయం లేని మెకానిక్‌కు నూట యాభై డాలర్ల దాకా ఇచ్చి, బండిని లిఫ్ట్ ఎక్కించి చూపించండి. టైటిల్ (బండి యాజమాన్య పత్రం) మీద సాల్వేజ్ అని, అంటే పెద్దగా దెబ్బతిన్న బండి అని ఉందేమో చూడండి. బండి కంప్యూటర్‌లో రెడీనెస్ మానిటర్లు (బండి తనంతట తాను చేసుకునే పరీక్షలు) పూర్తి కాలేదని వస్తే, చెక్ ఇంజిన్ లైటు ఆర్పడానికి కోడ్‌లు ఈ మధ్యే చెరిపారేమో అని అనుమానించాలి. మెకానిక్‌కు చూపించనివ్వకపోతే ఆ బేరం వదిలేయండి. ఊళ్లో నాన్న అప్పు తెచ్చి పంపిన పైసలవి.

శనివారం ఆ తమ్ముడితో నేనూ వెళ్తున్నాను, ఈసారి ఒక ఫిట్ చూడటానికి. చల్లటి ఇంజిన్ మొదటిసారి ఎలా అందుకుంటుందో వినాలి. అందుకే మేం వచ్చేదాకా బండి స్టార్ట్ చేయొద్దని ఓనర్‌కు ముందే చెప్పమన్నాను.