పాత 20 పిన్ల సప్లై, కొత్త 24 పిన్ల బోర్డు: ఓవర్‌క్లాక్ చేయొచ్చా?

మీ పాత పవర్ సప్లైకి 20 పిన్ల ప్లగ్, 4 పిన్ల సీపీయూ (ప్రాసెసర్) ప్లగ్ మాత్రమే ఉన్నాయి, కొత్త మదర్‌బోర్డులో 24, 8 పిన్ల సాకెట్లు ఉన్నాయి, అలాగే పెట్టేసి ఓవర్‌క్లాక్ చేయొచ్చా, అంటే ప్రాసెసర్‌ని మామూలు స్పీడు కంటే ఎక్కువలో నడపొచ్చా అని కదా అడిగారు. పెట్టొచ్చు, సిస్టమ్ చాలావరకు ఆన్ కూడా అవుతుంది, కానీ ఓవర్‌క్లాక్ మాత్రం వద్దండి.

20 పిన్ల ప్లగ్ పెట్టాక ఖాళీగా మిగిలే నాలుగు పిన్లు కొత్తవేమీ కావు, 12, 5, 3.3 వోల్టులకీ గ్రౌండ్‌కీ ఒక్కో అదనపు తీగ, అంతే. అసలు టెన్షన్ సీపీయూ ప్లగ్‌తోనే. 4 పిన్లలో 12 వోల్టుల తీగలు రెండే, 8 పిన్లలో నాలుగు. ఓవర్‌క్లాక్ కోసం వోల్టేజ్ పెంచితే ప్రాసెసర్ లాగే కరెంటంతా ఆ రెండు తీగల మీదే పడి ప్లగ్ వేడెక్కుతుంది, మన వైజాగ్ ఉప్పుగాలికి పిన్లు తుప్పు పట్టి ఉంటే ఇంకా ఎక్కువ. ఒకసారి టార్చి వేసి చూడండి.

సప్లై లేబుల్ మీద 12 వోల్టుల దగ్గర ఎన్ని ఆంపియర్లో కూడా చూడండి. 18 అని ఉంటే 216 వాట్లే, పైన 450 అని ఎంత పెద్దగా రాసినా సరే. పాత వాటిలో బలం చాలావరకు 5, 3.3 వోల్టులకే పోయేది.

ఒక్కటి మాత్రం గట్టిగా చెప్తున్నా, గ్రాఫిక్స్ కార్డుకిచ్చే 8 పిన్ల ప్లగ్‌ని సీపీయూ సాకెట్లోకి నొక్కి దూర్చొద్దు, 12 వోల్టులు, గ్రౌండ్ తారుమారుగా ఉంటాయి, షార్ట్ అవుతుంది. ద్వారకానగర్‌లో కొత్త సప్లై కొనేటప్పుడు 8 పిన్ల సీపీయూ ప్లగ్ ఉందో లేదో చూసుకుని తీసుకోండి, అంతవరకు మామూలు స్పీడులోనే నడపండి.