అమెరికాలో ఫెడరల్ జిల్లా జడ్జిని ఎవరు నియమిస్తారు? ఎంతకాలం ఉంటారు?

అధ్యక్షుడు పేరు ప్రతిపాదిస్తారు, సెనేట్ ఓటేసి ఆమోదిస్తుంది. 2013 నుంచి మామూలు మెజారిటీ చాలు. అయితే అసలు బేరసారాలు అంతకుముందే నడుస్తాయి. జడ్జి పనిచేయబోయే రాష్ట్ర సెనేటర్లిద్దరికీ సెనేట్ జుడీషియరీ కమిటీ అభిప్రాయం అడుగుతూ నీలిరంగు చీటీ పంపుతుంది. ఒక్కరు ఒప్పుకోకపోయినా నామినేషన్ సాధారణంగా అక్కడే ఆగిపోతుంది. ఇది చట్టం కాదు, ఆనవాయితీ. ఒక్క సెనేటర్ చేతిలో ఇంత బలం పెట్టడం నాకు సబబుగా అనిపించదు.

వయసు, లా డిగ్రీ లాంటి అర్హతలేవీ రాజ్యాంగంలో లేవు. ఆచరణలో ఎంపికయ్యేది అనుభవమున్న లాయర్లే.

పదవి జీవితాంతం. రిటైర్మెంట్ వయసు లేదు, పదవిలో ఉండగా జీతం తగ్గించే అధికారం కాంగ్రెస్‌కు లేదు. తీర్పు నచ్చలేదని అధ్యక్షుడు తీసేయలేరు. వీసా విషయంలో ప్రభుత్వం మీద దావా వేసే మనవాళ్లకు కూడా ఈ రక్షణే కొండంత అండ. తొలగించాలంటే ప్రతినిధుల సభ అభిశంసించాలి, సెనేట్‌లో హాజరైనవారిలో మూడింట రెండొంతుల మంది దోషిగా తేల్చాలి. లూసియానా జడ్జి థామస్ పోర్టియస్‌ను 2010లో అలాగే తొలగించారు.

65 ఏళ్లు నిండి, 15 ఏళ్లు పనిచేసినవారు సీనియర్ హోదా తీసుకుని తక్కువ కేసులు చూడొచ్చు. అప్పుడు వారి స్థానం ఖాళీ అయినట్టే. రాష్ట్రాలు కాకుండా అమెరికా పాలనలో ఉన్న గువామ్, వర్జిన్ ఐలాండ్స్, నార్తర్న్ మరియానా దీవుల జిల్లా జడ్జీలకు మాత్రం 10 ఏళ్ల పదవీకాలమే.