మూడు సంఖ్యల కసాగు కరెక్టో కాదో ఎలా తెలుస్తుంది?

కసాగు, అంటే కనిష్ఠ సామాన్య గుణిజం (అన్ని సంఖ్యలతోనూ శేషం లేకుండా పోయే అతి చిన్న సంఖ్య), చేశాక ఆన్సర్ సరిగ్గా వచ్చిందో లేదో ఎలా చెక్ చేసుకోవాలని అడిగారు. అన్నిటితో భాగించి చూడు, శేషం రాకపోతే కరెక్టే అంటారు అందరూ. అది చాలదండి, ఆ మాట నమ్మి మా అమ్మాయితో తప్పు ఆన్సర్ రాయించింది నేనే.

తను ఆరో క్లాసులో ఉన్నప్పుడు హోంవర్క్‌లో ఒక లెక్క, మూడు లైట్లు 12, 18, 20 సెకన్లకోసారి వెలుగుతాయి, ఇప్పుడు కలిసి వెలిగితే మళ్లీ ఎప్పుడు కలుస్తాయి అని. తను గీత గీసి 2తో కొట్టింది, కింద 6, 9, 10 వచ్చాయి, ఇంక మూడింటికీ పోయే అంకె లేదని అక్కడే ఆపేసి 2×6×9×10 చేసి 1080 అని రాసింది. నేను 12తో భాగించా, 18తో, 20తో కూడా, ఎక్కడా శేషం లేదు, కరెక్టేరా తల్లీ పడుకో అన్నా. మర్నాడు నోట్సులో ఎర్ర ఇంకుతో ఇంటూ మార్కు. ఎక్కడ తప్పో ఒక్క ముక్క రాయలేదు, ఇది మాత్రం నాకు ఇప్పటికీ కోపమే, ఇంటూ పెట్టే టైములో ఆ 6, 9 కింద చిన్న గీత గీస్తే పిల్ల తనే పట్టుకునేది కదా. "నాన్నా, నువ్వు కరెక్టే అన్నావుగా" అంది.

ఆ రాత్రి కూర్చుని 1080ని ఒక్కోదానితో భాగిస్తే వచ్చినవి పక్కపక్కన రాశా: 90, 60, 54. మూడూ 6తో పోతున్నాయి! అంటే 1080 ఉమ్మడి గుణిజమే గానీ ఆరు రెట్లు పెద్దది. 6తో భాగిస్తే 180, అంటే మూడు నిమిషాలు, మేం రాసింది పద్దెనిమిది నిమిషాలు. 180కి భాగఫలాలు 15, 10, 9, మూడింటికీ కలిపి పోయేది 1 తప్ప ఏదీ లేదు. చెక్ అంటే ఇదే, భాగఫలాలు చూడాలి. 15, 10 రెండూ 5తో పోతాయి కదా అనకండి, 9 పోదు, మూడూ పోతేనే తప్పు.

తప్పు జరిగింది ఎందుకంటే మూడింటికీ పోకపోతే ఆపడం గసాభా (గరిష్ఠ సామాన్య భాజకం, అన్నిటినీ భాగించే అతి పెద్ద సంఖ్య) రూలు. కసాగులో ఏ రెండు పోయినా కొట్టాల్సిందే, మిగిలినదాన్ని అలాగే కిందికి దింపాలి. పిల్లలకి రెండూ ఒకే వారంలో చెప్పేసి కలిపేస్తారు.

ఇంకోటి, సంఖ్యలన్నీ గుణించి ఆ లబ్ధాన్ని గసాభాతో భాగించెయ్ అనే షార్ట్‌కట్ రెండు సంఖ్యలకే గ్యారంటీ. ఇక్కడ 12×18×20 అంటే 4320, దాన్ని గసాభా 2తో భాగిస్తే 2160 వస్తుంది, అది ఇంకా ఘోరం. ఆ షార్ట్‌కటే కావాలంటే రెండేసి చొప్పున చేయండి, 12, 18కి 36, తర్వాత 36, 20కి గసాభా 4 కాబట్టి 36×20 అంటే 720 బై 4, 180. మా అమ్మాయి ఇప్పుడు ఇలాగే చేస్తుంది, చేశాక భాగఫలాలు మూడూ మార్జిన్‌లో రాసుకుంటుంది.