వంటింటికీ ఒక మూసే వేళ ఉండాలి

ప్రశ్న: పిన్నిగారికి నమస్కారం. మాది తాడేపల్లిగూడెం. నాకు 35 ఏళ్లు. బాబు ఏడో తరగతి, పాప యూకేజీ. అత్తయ్యగారు, మామయ్యగారు మాతోనే ఉంటారు. అత్తయ్యగారికి షుగరు. మావారు ఏడున్నరకే బాక్సు పట్టుకుని డ్యూటీకి వెళ్లిపోతారు. పెళ్లికి ముందు డి.ఎడ్. చేశాను. టీచర్ల అర్హత పరీక్ష టెట్ పాసయ్యాను కానీ మార్కులు తక్కువ. మళ్లీ రాసి టీచరు ఉద్యోగాల డీఎస్సీకి కూర్చోవాలని ఉంది. ఐదింటికి లేస్తే రాత్రి పదిన్నరకు స్టవ్ తుడిచేదాకా తీరికే ఉండదు. మధ్యాహ్నం మామయ్యగారు పన్నెండుంబావుకి తింటారు, పాప వ్యాన్ ఒంటిగంటకు వస్తుంది, అత్తయ్యగారు సీరియల్ అయ్యాక రెండింటికి, ఆ తర్వాత నేను. వీడియోలు చూసి టైమ్ టేబుల్ రాసి ఫ్రిజ్‌కు అంటించాను, వారం కూడా సాగలేదు. "రోజంతా ఇంట్లోనే ఉంటావుగా, చదువుకోవడానికేం?" అని ఇంట్లో అంటారు. అందరూ నాలుగింటికి లేచి చదవమంటున్నారు. పైగా ఈ వేసవిలో మా ఆడపడుచుగారు తన పిల్లలిద్దర్నీ నెల రోజులు పంపుతానంటున్నారు. నేనేం చేయను?
- ఒక సోదరి

జవాబు: అమ్మాయ్, ముందుగా చెబుతున్నాను, నాలుగింటికి లేవొద్దు. పదిన్నరకు పడుకునే మనిషివి, నాలుగింటికి లేస్తే ఐదు గంటల నిద్ర కూడా సరిగ్గా పట్టదు. నాలుగు రోజులు లేస్తావు, ఐదో రోజు పుస్తకం మీద తూగుతావు, ఆ చిరాకంతా పిల్లల మీద పడుతుంది. ఈ సలహా ఇచ్చేవాళ్లెవరూ నీ పనిలో ఒక్కటి కూడా తగ్గిస్తామనడం లేదు, గమనించావా? నీ నిద్రలోంచే కోసుకోమంటున్నారు.

"ఇంట్లోనే ఉంటావుగా" అన్న మాట నాకు ఇప్పటికీ కోపం తెప్పిస్తుంది. కేంద్ర ప్రభుత్వం 2024లో చేసిన టైమ్ యూజ్ సర్వేలో, జీతం లేని ఇంటిపని చేసే ఆడవాళ్లు రోజుకు సగటున 289 నిమిషాలు, మగవాళ్లు 88 నిమిషాలు ఆ పనికి పెడుతున్నారని తేలింది. ఇందులో పిల్లల్నీ పెద్దల్నీ చూసుకునే సమయం కలపలేదు, అది వేరే లెక్క. మన ఉమ్మడి కృష్ణా జిల్లాకు చెందిన జస్టిస్ ఎన్.వి. రమణ సుప్రీంకోర్టు న్యాయమూర్తిగా ఉండగా, 2021 జనవరిలో ఒక ప్రమాద పరిహారం కేసు తీర్పులో గృహిణి పనికి విలువ కట్టాల్సిందేనని వివరంగా రాశారు. ఇవి పట్టుకుని ఇంట్లో వాదనకు దిగమని కాదు. నువ్వు మాత్రం "నాకే చేతకావడం లేదేమో" అనుకోవడం మానెయ్.

నీ టైమ్ టేబుల్ నిలవకపోవడానికి కారణం నీ ఉత్తరంలోనే ఉంది. అది నీ ఒక్కదాని టైమ్ టేబుల్. ఇంట్లో మిగతావాళ్లు వాళ్ల వాళ్ల వేళల్లోనే ఉన్నారు. ఆ మధ్యాహ్నం వడ్డనలే చూడు. ఒక్కో వడ్డన పది నిమిషాల పనే అనిపిస్తుంది. కానీ ప్రతిసారీ చారు వెచ్చబెట్టాలి, అప్పడం వేయించాలి, పెరుగు గిన్నె బయటికి తీసి మళ్లీ ఫ్రిజ్‌లో పెట్టాలి, కంచం తీసి బల్ల తుడవాలి. మధ్యలో పుస్తకం తెరిచినా చెవి హాలు వైపే ఉంటుంది. పన్నెండు నుంచి మూడు దాకా అలా కరిగిపోతోంది. నువ్వు ఎంత వేగంగా చేసినా ఆ మూడు గంటలు వెనక్కి రావు, వడ్డనలు తగ్గితేనే వస్తాయి.

కాబట్టి ఒంటిగంటకు, పాప రాగానే, అందరికీ ఒకేసారి భోజనం. మామయ్యగారికి పన్నెండింటికి ఒక గ్లాసు మజ్జిగ ఇస్తే ఆ ముప్పావుగంట ఆగగలరు. అత్తయ్యగారు షుగరు మాత్రలు వేసుకునే మనిషి, రెండింటిదాకా అన్నం తినకుండా ఉండటం ఆవిడకే మంచిది కాదు. అది ఆవిడ ఆరోగ్యం కోసమే చెప్పు, నిజం కూడా అదే. సీరియల్ తింటూ చూడొచ్చు, రాత్రి మళ్లీ వేసినప్పుడైనా చూడొచ్చు. రెండింటికల్లా వంటిల్లు మూసెయ్. టీ కాచి ఫ్లాస్కులో పోసి, గ్లాసులు పక్కన పెట్టేస్తే మూడింటికి ఎవరికి వాళ్లు పోసుకుంటారు. పాప పడుకునే ఆ రెండు గంటలూ నీవి. హాల్లో కూర్చోకు, గదిలో తలుపు దగ్గరగా వేసుకో.

ఈ పద్ధతి నువ్వొక్కదానివీ ప్రకటించకు. ఆదివారం టిఫిన్ దగ్గర అందరూ ఉన్నప్పుడు మీ ఆయన చేత చెప్పించు. కోడలు చెబితే విసుక్కుంటున్నట్టు వినిపిస్తుంది, కొడుకు చెబితే ఇంటి ఏర్పాటులా వినిపిస్తుంది. అది న్యాయం కాదని నాకూ తెలుసు, కానీ నీకిప్పుడు ముందు ఆ రెండు గంటలు కావాలి.

వంట గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు, నీకు తెలియనిది కాదు. పావుకిలో చింతపండు గుజ్జు తీసి, ఉప్పు, పసుపు వేసి దగ్గరపడేదాకా ఉడికించి ఫ్రిజ్‌లో పెట్టుకుంటే పులుసుకీ చారుకీ రోజూ నానబెట్టి పిసికే పని పోతుంది. వారానికి రెండు రోజులు పెసరట్టు పెట్టుకో. రాత్రి పెసలు నానేస్తే చాలు, పులియబెట్టే పని లేదు. అత్తయ్యగారికీ దోశ కన్నా మేలే కాబట్టి ఆవిడకు వేరే టిఫిన్ చేసే అవసరం ఉండదు. ఏడో తరగతి కుర్రాడు నీళ్ల సీసా నింపుకోవడం, తిన్న కంచం కడుక్కోవడం, ఆరిన బట్టలు మడతపెట్టడం చేయగలడు. అత్తయ్యగారి ముందు గోంగూర కట్టలు పెట్టి "మీరు వలిచిపెడితే బావుంటుంది అత్తయ్యా" అను. కూర్చుని చేసే పని పెద్దవాళ్లకు కష్టం కాదు, చాలామందికి ఇష్టం కూడా.

ఇక చదువు. నేను ప్రాథమిక పాఠశాలలో టీచరుగా చేసి రిటైరయ్యాను కాబట్టి ఇది నా సొంత విషయంలా చెబుతాను. టెట్ 150 మార్కులకు, డీఎస్సీలో దానికి 20 శాతం వెయిటేజీ. అంటే టెట్‌లో 15 మార్కులు పెంచుకుంటే నీ తుది లెక్కలో రెండు మార్కులు పెరుగుతాయి. అర మార్కు తేడాలో ఆగిపోయినవాళ్లు నాకు తెలుసు, రెండు మార్కులంటే తక్కువ కాదు. పేపర్ 1లో శిశు వికాసం, తెలుగు, ఇంగ్లిష్, లెక్కలు, పరిసరాల విజ్ఞానం, ఒక్కోదానికి 30 మార్కులు. సాయంత్రం బాబును కూర్చోబెట్టి భిన్నాలో శాతాలో చెబుతున్నావు చూడు, అది నీ ప్రిపరేషనే. రాష్ట్ర పాఠ్యపుస్తకాలు మూడో తరగతి నుంచి తెచ్చుకుని వాడి పక్కనే కూర్చుని నీ లెక్కలు నువ్వు చెయ్. వాడికి సందేహం వస్తే అడుగుతాడు, నీ పని ఆగదు. మధ్యాహ్నం రెండు గంటలు మాత్రం శిశు వికాసానికే ఉంచు. పియాజే దశలు, కోల్‌బర్గ్ నైతిక వికాసం, వైగోట్‌స్కీ లాంటి మనస్తత్వవేత్తల సిద్ధాంతాలన్నీ మధ్యలో ఎవరైనా పిలిస్తే మళ్లీ మొదటికొచ్చే పాఠాలు.

ఆడపడుచు పిల్లల సంగతి. రానీ, అమ్మమ్మ తాతయ్యల ఇల్లది, వద్దనకు. కానీ నెల కాదు, పది రోజులు. అదీ పరీక్షకు ముందు కాకుండా, తర్వాత. ఈ మాట మీ ఆయనే ఫోన్ చేసి ఆవిడకు చెప్పాలి, అదీ టికెట్లు తీసుకోకముందే.