ఆర్‌డీలో నెలకు 5,000 కడితే వడ్డీ లక్ష ఎందుకు రాదు?

ప్రశ్న: పోస్టాఫీసులో నెలకు 5,000 చొప్పున అయిదేళ్ల ఆర్‌డీ (నెలనెలా కిస్తీ కట్టే రికరింగ్ డిపాజిట్) మొదలుపెట్టాను. వడ్డీ 6.7 శాతం. మొత్తం కట్టేది 3 లక్షలు కాబట్టి అయిదేళ్లకు 1,00,500 వడ్డీ వస్తుందనుకున్నాను. కౌంటర్‌లో అడిగితే 56,830 దాకా వస్తుందన్నారు. ఇంత తేడా ఎందుకు?

జవాబు: కౌంటర్‌లో చెప్పిందే సరైన లెక్క. మూడు లక్షలూ మొదటి రోజునే వేసినట్టు మీరు లెక్కకట్టారు. నిజానికి మొదటి కిస్తీ ఒక్కటే 60 నెలలు ఉంటుంది. రెండోది 59 నెలలు, ఆఖరిది ఒక్క నెల. ఇవన్నీ కూడితే 1,830 నెలలు. 5,000 × 1,830 × 6.7 ÷ 1,200 వేయండి: 51,087 వస్తుంది. ఇది బారువడ్డీ. మూడు నెలలకోసారి వడ్డీ అసలులో కలుస్తుంది కనుక చక్రవడ్డీ రూపంలో ఇంకో 5,700 పైచిలుకు చేరుతుంది. మీ మొదటి 5,000 చివరికి 6,970 అవుతుంది, అరవయ్యోది 5,028 దగ్గరే ఆగుతుంది.

కచ్చితమైన అంకె కావాలంటే ఇలా చేయండి. 6.7ను నాలుగుతో భాగిస్తే మూడు నెలల వడ్డీ 1.675 శాతం. అయిదేళ్లలో అలాంటివి 20. కాబట్టి 1.01675ను 20 సార్లు హెచ్చవేస్తే 1.39407. అందులోంచి 1 తీసేసి, మిగిలిన 0.39407ను 0.0055218తో భాగించండి. (1ని 1.01675 ఘనమూలంతో భాగించి, వచ్చినదాన్ని 1లోంచి తీసేస్తే ఈ అంకె వస్తుంది.) జవాబు 71.366. నెలకు రూపాయి కడితే చేతికొచ్చేది అదే. 5,000తో గుణిస్తే 3,56,830.

ఎక్సెల్‌లో ఎఫ్‌వీ (చివరికి చేతికొచ్చే మొత్తం చెప్పే) ఫార్ములా వాడేవాళ్లు రెండుచోట్ల తప్పుతారు. 6.7ను నేరుగా 12తో భాగిస్తే నెలనెలా చక్రవడ్డీ కట్టినట్టయి, 350 రూపాయలు ఎక్కువ చూపిస్తుంది. నెలవారీ రేటు 0.55524 శాతం అని ఇవ్వాలి. కిస్తీ నెల మొదట్లో కడుతున్నట్టు చివర 1 వేయకపోతే 1,970 తక్కువ చూపిస్తుంది.

అయిదేళ్లకు చక్రవడ్డీ బలం పెద్దగా కనబడదు. ఇదే ఖాతాను ఇంకో అయిదేళ్లు పొడిగించి కిస్తీలు కడుతూ పోతే, పాత రేటే నడుస్తుంది కనుక పదేళ్లకు 8,54,272 అవుతుంది. మొదటి అయిదేళ్ల వడ్డీ 57 వేల లోపే అయితే, రెండో అయిదేళ్లది 1,97,000 పైమాటే.

ఈ లెక్కంతా ఒక్క కిస్తీ కూడా తప్పకుండా కడితేనే. ఖాతా 15వ తేదీలోపు తెరిచి ఉంటే ప్రతి నెలా 15లోపు, ఆ తర్వాత తెరిచి ఉంటే నెలాఖరు పనిదినంలోపు కట్టాలి. తప్పితే వందకు రూపాయి చొప్పున మీకు నెలకు 50 జరిమానా. మన ఊళ్ల లెక్కలో చెప్పాలంటే మీకు వచ్చేది నూటికి 56 పైసల వడ్డీ, పోయేది నూటికి రూపాయి. వరసగా నాలుగు తప్పితే ఖాతా ఆగిపోతుంది, రెండు నెలల్లోగా పునరుద్ధరించుకోవాలి.

చేతిలో డబ్బుంటే 12 కిస్తీలు ఒకేసారి ముందే కట్టేయండి, 2,000 రిబేటు ఇస్తారు. అదే డబ్బు 4 శాతం సేవింగ్స్ ఖాతాలో ఉంచి నెలనెలా తీసి కడితే వచ్చేది 1,100.

మూడేళ్లు దాటాక మధ్యలో మూసేయొచ్చు గానీ నేను వద్దంటాను. మొత్తానికీ సేవింగ్స్ వడ్డీయే ఇస్తారు. నాలుగేళ్లకు మూస్తే దాదాపు 35,700 రావలసిన చోట 19,600 దగ్గర ఆగిపోతుంది. అవసరం పడితే, 12 కిస్తీలు కట్టాక జమలో సగం దాకా 8.7 శాతానికి అప్పు దొరుకుతుంది, అది తీసుకోండి. ఇంకా మొదట్లోనే ఉన్నవాళ్లయితే 5,000కి ఒక ఖాతా బదులు 2,500 చొప్పున రెండు తెరవడం మేలు, ఒకటి మూయాల్సి వచ్చినా రెండోది నడుస్తుంది.

పన్ను సంగతి: వచ్చిన వడ్డీ మీ ఆదాయంలో కలుస్తుంది. ఈ ఆర్‌డీకి 80సీ కింద పన్ను మినహాయింపు లేదు.