పిప్ గదికి బావ వచ్చిన రోజు చూడు

తమ్ముడూ,

విక్టోరియా కాలపు నవలల్లో చదువు గురించి నువ్వు పంపిన వ్యాసం చదివాను. బాగా కష్టపడ్డావు. కానీ "చదువు పేదవాణ్ణి పైకి తెస్తుందని ఆ రచయితలు నమ్మారు" అని మొదటి పేరాలోనే తేల్చేశావు. నాకు పేచీ అక్కడే. పైకి వెళ్లినవాడు ఎవర్ని చూసి సిగ్గుపడ్డాడు, పైనున్నవాళ్లు అతన్ని ఏమని పిలిచారు? నాకైతే అసలు కథ అక్కడే కనిపిస్తుంది.

డికెన్స్ 'గ్రేట్ ఎక్స్‌పెక్టేషన్స్' (1860-61) మళ్లీ తియ్యి. కథానాయకుడు పిప్ చిన్నప్పుడు చదివే సాయంత్రం బడికి ఫీజు వారానికి రెండు పెన్నీలు. పాఠం చెప్పాల్సిన ముసలావిడ ఆరు నుంచి ఏడు దాకా పిల్లల ముందే నిద్రపోతుంది. అయినా పిప్ పలక మీద తప్పులతడకగా ఓ ఉత్తరం రాసి చూపిస్తే కమ్మరి బావ జో మురిసిపోతాడు. పాపం, ఆయన గుర్తుపట్టేది తన పేరులోని రెండక్షరాలే. తర్వాత పిప్‌కి డబ్బొచ్చి లండన్‌లో జెంటిల్మన్ అవుతాడు. జో వస్తున్నాడని తెలిసి, డబ్బిచ్చి ఆపగలిగితే ఆపేవాణ్ణే అనుకుంటాడు. జో వస్తాడు. టోపీ ఎక్కడ పెట్టాలో తెలియదు, పెట్టినచోట నిలవదు, మాటిమాటికీ కింద పడుతుంది. చిన్నప్పటి నుంచి చూసుకున్న కుర్రాణ్ణి మధ్యమధ్యలో "సర్" అంటాడు. నీ వ్యాసంలో ఈ సీనే లేదు!

డికెన్స్‌దే ఇంకో నవల 'అవర్ మ్యూచువల్ ఫ్రెండ్'లో బ్రాడ్లీ హెడ్‌స్టోన్ దిక్కులేని పిల్లవాడిగా పుట్టి బడిపంతులయ్యాడు. కోటు, చొక్కా, టై, వాచీ అన్నీ మర్యాదస్తుడివే, కానీ ఒంటి మీద బిగుసుకుపోయి ఉంటాయి. లాయర్ రేబర్న్ సిగార్ కాలుస్తూ అతన్ని పేరు పెట్టి కూడా పిలవడు, "స్కూల్‌మాస్టర్" అంటాడు. నన్ను కాలికింద మట్టిలా చూస్తున్నావని హెడ్‌స్టోన్ మండిపడితే, అసలు నీ గురించి ఆలోచించనే లేదంటాడు. ఇంతకన్నా పెద్ద తిట్టు నేనెక్కడా చదవలేదు.

బొమ్మల విషయంలో ఒక జాగ్రత్త. 'గ్రేట్ ఎక్స్‌పెక్టేషన్స్' డికెన్స్ వారపత్రికలో బొమ్మల్లేకుండానే వచ్చింది. మార్కస్ స్టోన్ బొమ్మలు 1862వి. వాటిని తొలి పాఠకులు చూసినట్టు రాయకు. 'నికొలస్ నికిల్బీ' (1838-39) అలా కాదు. నెలకో భాగం, షిల్లింగ్ ధర, భాగానికి రెండు బొమ్మలు. గీసింది ఫిజ్ అనే చిత్రకారుడు. నవల మొదలయ్యే ముందు డికెన్స్‌తో కలిసి యార్క్‌షైర్ వెళ్లి అక్కడి బడులు చూసి వచ్చాడు. నవలలోని బడి పేరు డూదబాయ్స్ హాల్. ఆయన గీసిన ఆ బడి బొమ్మలో బడి యజమాని భార్య పిల్లల నోట్లో గంధకం కలిపిన బెల్లంపాకం పోస్తుంటుంది. ఎందుకంటే ఆకలి చచ్చిపోతుంది, టిఫిన్ కన్నా చవక. కొత్తగా వచ్చిన పిల్లవాడి బూట్లలాంటివే యజమాని కొడుకు కాళ్లకు ఎక్కుతుంటాయి. ఆ బూట్ల పోలిక మాత్రం కథలోని మాటల్లో ఉంది. బొమ్మ ఏం చెప్పింది, మాటలు ఏం చెప్పాయి, విడివిడిగా రాసుకో.

ఇంగ్లండ్‌లో ప్రాథమిక విద్య కోసం వచ్చిన 1870 చట్టం గురించి రెండు పేజీలు ఎక్కువ, రెండు వాక్యాలు చాలు. ఆ చట్టం వచ్చిన పాతికేళ్లకు హార్డీ నవల 'జూడ్ ది అబ్‌స్క్యూర్' (1895) వచ్చింది. కాలేజీలో చేరాలని ఉత్తరం రాసిన రాతిపనివాడికి, నీ వృత్తిలోనే ఉండు, అదే మంచిదని కాలేజీ పెద్ద జవాబిస్తాడు. ఆ పేరా నువ్వు బాగా రాశావు, వ్యాసం దానితోనే మొదలుపెట్టు. ఇప్పుడున్న మొదటి పేరా కొట్టెయ్. తిరగరాసి పంపితే చూస్తాను.

మీ అన్నయ్య