బొమ్మల్ని కవర్లలో కట్టొద్దు తల్లీ

చిత్తూరు

చి. బంగారుతల్లికి పెద్దమ్మ ఆశీర్వదించి రాయునది.

రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. అవ్వ బొమ్మలన్నీ ఇక నీ దగ్గరే ఉంటాయనీ, ఇకమీదట దసరా కొలువు తిరుపతిలో నీ ఇంట్లోనే అనీ చెప్పింది. వినగానే నాకు కడుపు నిండిపోయింది. మా ఇద్దరి తర్వాత ఆ ట్రంకు పెట్టె తెరిచేది ఎవరా అని చాలాసార్లు అనుకున్నాను, పైకి మాత్రం అనలేదు.

కానీ మీ అమ్మ ఇంకో మాట కూడా చెప్పింది. సర్దడానికి బబుల్ ర్యాప్ రోల్ ఆర్డర్ పెట్టావట. ఆదివారం ఒక్క పూటలో అన్నీ చుట్టేసి సజ్జ మీదికి ఎక్కించేస్తానన్నావట. అది విన్నప్పటి నుంచి నాకు ఒకటే టెన్షన్. ఫోన్లో చెబితే "సరే పెద్దమ్మా" అనేసి ఇంకో పనిలో పడతావు. అందుకే కూర్చుని రాస్తున్నా, ఓపిగ్గా చదువు.

కొలువు తీయడం గురించి నీకు కొత్తగా చెప్పేదేం లేదు. విజయదశమి రాత్రి హారతి ఇచ్చి ఒక బొమ్మను పడుకోబెట్టే ఉంటావు, కలశం కదిపే ఉంటావు. మెట్లు విప్పకముందే ఫోటోలు తీసుకో. సీరియల్ లైట్లను అట్టముక్కకు చుట్టు. బ్యాటరీ బొమ్మల్లోంచి సెల్స్ తీసెయ్. ఏ పెట్టెలో ఏమున్నాయో పైన రాసి అంటించు.

ఇక రుక్మిణి బొమ్మ సంగతి. చిన్నప్పుడు ప్రతి దసరాకీ అడిగేదానివి, "కృష్ణుడికి సన్నటి కళ్ళు కదా, రుక్మిణికి మాత్రం అంతేసి కళ్ళేంటి?" అని. అవ్వ ముందు అడిగావంటే నేను నీ చెయ్యి గిల్లేదాన్ని. ఎందుకో ఇప్పుడు చెబుతా.

అప్పటికి నాకింకా పెళ్ళి కాలేదు, మీ అమ్మ బడికి పోతోంది. తాతకు చంద్రగిరి నుంచి చిత్తూరుకు బదిలీ అయింది. దసరా వెనకాలే వాన పట్టుకుంది, ఇల్లేమో ఖాళీ చెయ్యాలి. అవ్వ సంగతి నీకు తెలుసు కదా, ఏదైనా శుభ్రంగా ఉండాల్సిందే. దుమ్ముతో పెట్టెలో పెట్టడం ఇష్టంలేక ప్రతి బొమ్మనూ తడిగుడ్డతో తుడిచింది. మందపాటి ప్లాస్టిక్ కవర్లు మాకు అప్పుడప్పుడే కొత్త. వాన నీళ్ళు చొరబడవు కదా అని ఒక్కో బొమ్మను ఒక్కో కవర్లో పెట్టి, మూతికి రబ్బరు బ్యాండు బిగించింది. ఆ పని చూసి ఇరుగుపొరుగు వాళ్ళు కూడా మెచ్చుకున్నారు.

మరుసటి దసరాకు పెట్టె తెరిస్తే ముందు వాసన కొట్టింది, ముసురులో ఆరని బట్టల వాసన. దశావతారాల మీద తెల్లగా బూజు. శెట్టి బొమ్మ చొక్కా రంగు పెచ్చులు లేచిపోయింది. రుక్మిణి కవరుకు అంటుకుపోయి ఉంది. అవ్వ మెల్లిగా, చాలా మెల్లిగా లాగింది. అయినా ముఖం మీది రంగంతా కవరుతోనే వచ్చేసింది. ఆ కవరును కిటికీ దగ్గర పట్టుకుంటే అందులో రెండు కళ్ళు, కనుబొమల నడుమ బొట్టు, ముక్కుపుడక చుక్క, అన్నీ ఉన్నాయి. బొమ్మకు మిగిలింది వట్టి మట్టి ముఖం.

అవ్వ ఎవరితోనూ మాట్లాడలేదు. ఆ సాయంత్రమే రుక్మిణిని చీరకొంగులో చుట్టుకుని, చవితికి వినాయకుళ్ళను చేసే ఆయన దగ్గరికి వెళ్ళింది. ఆయన అమ్మవార్లకు దిద్దే అలవాటు కొద్దీ పెద్ద పెద్ద కళ్ళు దిద్దాడు. మంచి మనసుతోనే చేశాడు, డబ్బులు కూడా తీసుకోలేదు. కానీ అది మా రుక్మిణి ముఖం కాదు. అవ్వ ఆ తర్వాత కూడా ఏటా ఆమెను కృష్ణుడి పక్కనే నిలబెట్టింది గానీ, ఆ కళ్ళ ఊసు ఎవరూ ఎత్తడానికి వీల్లేదు. నిన్ను గిల్లింది అందుకేనమ్మా. నొప్పి పుట్టి ఉంటే ఏమీ అనుకోకు.

మట్టిబొమ్మ కాలిందైనా సరే, గాల్లోని తేమను పీల్చుకుంటుంది, గాలి ఆడితే వదిలేస్తుంది. మన పాత బొమ్మల రంగులు నీళ్ళలో కలిపి వేసినవి, తడిగుడ్డ తగిలితే చాలు మెత్తబడతాయి. అట్లాంటి దాన్ని ప్లాస్టిక్‌లో పెట్టి మూతి బిగిస్తే ఆ తేమ ఎటు పోవాలి? లోపలే చెమట పట్టి రంగు మీద కూర్చుంటుంది. బబుల్ ర్యాప్ కూడా ప్లాస్టిక్కే కదా. పైగా ఆ బుడగలు రంగుకు ఆని గుండ్రటి మచ్చలు పడతాయి. ఆ రోల్ వాపసు ఇచ్చెయ్. లేదంటే గుడ్డ చుట్టాక ఆ పైన వాడుకో, టేపుతో మాత్రం బిగించకు.

మన వైపు కాలం సంగతి కూడా చూసుకోవాలి. చాలా చోట్ల దసరాకు వానలు వెళ్ళిపోతాయి, మనకేమో అప్పుడే అసలు వానలు మొదలు. ఈశాన్య రుతుపవనాలు డిసెంబరు దాకా వదలవు. తిరుచానూరు పంచమీతీర్థానికి గొడుగు లేకుండా వెళ్ళిన ఏడాది నాకు గుర్తే లేదు. 2021 నవంబరులో తిరుపతి వీధులు ఏరులై పారాయి కదా, ఆ నీళ్ళు టీవీలో చూస్తూ ఎవరి మంచాల కింద ఏ పెట్టెలు నానుతున్నాయో అనుకున్నాను. నాకు నీళ్ళంటే భయం పోదు. అందుకని మంచం కింద, మెట్ల కింద వద్దే వద్దు. సజ్జ మంచిదే, కాకపోతే అవతల బాత్రూం గోడ ఉండకూడదు. పెట్టె గోడకు ఆనకుండా జానెడు ఎడం ఉంచు, చెదలు పడితే కనబడుతుంది. అట్లాగని మేడ మీది రేకుల గదిలోనూ పెట్టకు. ఏటికొప్పాక లక్కబొమ్మలు ఆ వేడికి మెత్తబడి ఒకదానికొకటి అంటుకుంటాయి.

ఒక్క పూటలో తెమల్చాలనుకోకు. నీకు చిన్నప్పటి నుంచీ తొందరే, అన్నం వేడిగా ఉందన్నా నోట్లో పెట్టేసుకునేదానివి. వాన తెరిపిచ్చిన రోజు చూసి, బొమ్మల్ని ఫ్యాన్ కింద పరిచి రెండు రోజులు ఆరనివ్వు. ఎండలో పెడితే రంగు వెలిసిపోతుంది. పొడిగా ఉన్న మెత్తటి బ్రష్‌తో దుమ్ము దులుపు, తడి తగలనివ్వకు. తలో చెయ్యో పట్టుకుని ఎత్తకు, కింద పీట దగ్గర రెండు చేతులూ వేసి ఎత్తాలి. చుట్టడానికి బాగా ఉతికిన పాత నూలు గుడ్డే కావాలి. న్యూస్ పేపరు సిరా ముఖాలకు అంటుతుంది, దాన్ని పై చుట్టుకే వాడు. కృష్ణుడి మోచేతికీ నడుముకూ మధ్య సందు ఉంది చూడు, ముందు అక్కడ చిన్న గుడ్డ దోపి తర్వాత చుట్టు. వేణువును విడిగా డబ్బీలో పెట్టు. ఎక్కడైనా పెచ్చు ఊడితే పారెయ్యకు, దాచితే మళ్ళీ అతికించుకోవచ్చు.

బరువైనవి అడుగున, ముఖాలు పైకి. కొండపల్లివి పొణికి కర్ర కాబట్టి తేలిక, పై వరసలో పెట్టు. పురుగు పట్టకుండా వేపాకు వెయ్యి, పూర్తిగా ఎండినదే సుమా, పచ్చిది వేస్తే మనమే తేమ పెట్టినట్టు. కలరా ఉండలు వద్దు. పాప పాకుతోంది, కిందపడిన ప్రతిదీ నోట్లో పెట్టుకుంటోందని నువ్వే చెప్పావు. మరపాచి జంటకు బట్టలు విప్పి, గుడ్డకు నూనె చుక్క అద్ది ఒళ్ళంతా రుద్దు. అవి అవ్వ పెళ్ళిలో వాళ్ళమ్మ చేతికిచ్చిన ఎర్రచందనం బొమ్మలు, ఇప్పుడు నీవి.

ఇంకోటి, దీనికి మాత్రం ఎదురు చెప్పొద్దు. ఇంట్లో ఎవరూ లేనప్పుడు స్టూలెక్కి ఆ పెట్టె ఎత్తావంటే నేను ఊరుకోను. బొమ్మలు పోతే మళ్ళీ కొనుక్కుంటాం. అల్లుడు వచ్చేదాకా పెట్టె నేల మీదే ఉండనీ.

పెట్టి మర్చిపోకు. మే నెలలో గంగ జాతర రోజుల్లో ఒకసారి దించి, గుడ్డలు విప్పి గాలి తగలనిచ్చి, వేపాకు మార్చి మళ్ళీ చుట్టు.

మీ పెదనాన్న పాత పంచెలు ఉతికి ఎండబెట్టాను. శుక్రవారం ఆయన తిరుపతి వస్తున్నారు, ఇచ్చి పంపుతా. చాలకపోతే చెప్పు, నా నూలు చీరలు కూడా ఉన్నాయి. మిగతావన్నీ నీ ఇష్టప్రకారం చుట్టుకో గానీ, రుక్మిణిని చుట్టేటప్పుడు మాత్రం వీడియో కాల్ చెయ్యి.

ఇట్లు,
మీ పెద్దమ్మ